ఇంటి కంప్యూటరులో దూరిన దలారి

(మన సంఘపు నెలసరి సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నుండి మేము ఇంతవరకు ముచ్చటించిన విషయములు మీరెరుగుదురు. బడులలో తెలుగు, పిల్లలకు పాఠ్యపుస్తకములు, సంఘ భవనపు మరమ్మతులు - ఇవియే. నేడు కంప్యూటరును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరగా మాకే నవ్వు వచ్చినది. మేము చదివినది మెట్రిక్యులేషను, చేయునది వర్తకము. యంత్రశాస్త్రము మాకేమి తెలియును? అయినను మా యింట జరిగిన యొక పొరపాటును, దానివలన నేర్చుకొనిన పాఠమును ఉన్నదున్నట్లు చెప్పిన నలుగురికి మేలగునని తలచి ఒప్పుకొంటిమి.

గడచిన ఉగాదికి మన సంఘపు ఆహ్వానపత్రికను అందమైన తెలుగు అక్షరములతో కూర్చవలెనని మాకు ముచ్చట పుట్టినది. హోసూరులో నున్న మనకు తెలుగు అక్షరమన్న మమకారము హెచ్చు గదా! ఇంటి కంప్యూటరులో ఉచితముగా లభించు తెలుగు అక్షరములకై వెదకితిమి. ఒకచోట పచ్చని పెద్ద బొత్తాము కనిపించినది. నొక్కితిమి. తరువాత నొకదాని వెంట నొకటిగా వచ్చిన ప్రశ్నలకు చదువకయే "నెక్స్ట్", "ఐ అగ్రీ", "నెక్స్ట్" అనుచు నొక్కుచు పోతిమి. అక్షరములు వచ్చినవి. పత్రిక అచ్చయినది. మీరందరును మెచ్చుకొంటిరి.

మరునాటి నుండి కంప్యూటరు తీరు మారినది. బ్రౌజరు తెరచిన వెంటనే మునుపటి పుట పోయి, ఎన్నడును చూడని వెదకుడు పుట యొకటి కనిపించసాగినది. ఏది వెదకినను మొదట నాలుగైదు ప్రకటనలే. తెర మూలన "మీకు బహుమతి వచ్చినది" అను చీటీలు. కొన్ని చిత్రములు ఇంట ఆడపిల్లల ముందు చూడదగినవి కావు. మేమేమి చేసితిమి? విచారింపక, పండ్రెండవ తరగతి చదువుచున్న మా కుమారుని పిలిచి, చూడరాని స్థలములు చూచుచున్నావని నలుగురిలో మందలించితిమి. వాడు "నేను కాదు నాన్నా" అనినను వినలేదు. వాడు మాతో మాటలాడుట తగ్గించినాడు.

రెండు నెలలు గడచినవి. కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు పెట్టవలసిన దినములు వచ్చినవి. వాడు కళాశాల పేరు వెదకినాడు. మొదట కనిపించినది నిజమైన పుట కాదు; దానిని పోలిన ప్రకటన. అందు వివరములన్నియు వ్రాసి, రుసుమని అడిగిన 850 రూపాయలు కట్టినాడు. దరఖాస్తు చేరలేదు, డబ్బు తిరిగి రాలేదు. అదృష్టవశమున గడువు మూడు దినములుండుటచే అసలు దరఖాస్తు వేరుగా పెట్టగలిగితిమి. ఒక సంవత్సరము చదువు పోవలసినది 850 రూపాయలతో పోయినది.

అప్పుడు మా మేనల్లుడు వచ్చి కంప్యూటరులోని ప్రోగ్రాముల జాబితా తీసి, వానిని చేరిన తేదీల వరుసలో పెట్టి, "మామయ్యా, ఉగాదికి ముందు ఈ తేదీన ఒకే గంటలో నాలుగు ప్రోగ్రాములు దిగినాయి. ఆ రోజు దీని ముందు కూర్చున్నదెవరు?" అని అడిగినాడు. కూర్చున్నది మేమే. అక్షరముల కొరకు మేము తెరచిన తలుపున తక్కిన మూడును లోనికి వచ్చినవి. మా చేతితో మేము "సరే" అని నొక్కి, నింద కుమారునిపై వేసితిమి. ఈ సంగతి సభలో చెప్పుట సులభము కాదు. కాని మీ యిండ్లలో మరియొక పిల్లవాడు ఇట్టి నింద మోయరాదని చెప్పుచున్నాము.

ఇక విషయమునకు వత్తము. దీనిని ఆంగ్లమున బ్రౌజరు హైజాకరు అందురు. వర్తకుల భాషలో చెప్పిన తేటగా తెలియును. మీ దుకాణమునకు వచ్చు గిరాకీని వీధి మలుపున నొక దలారి అడ్డగించి, "ఆ దుకాణము ఇటు" అని వేరొక దుకాణమునకు తోడుకొనిపోయి, అక్కడ కమీషను పుచ్చుకొనుచున్నాడనుకొనుడు. ఇదియు అట్టిదే. మన వెదకులాటలను తన పుట మీదుగా మళ్ళించి, ప్రకటనల వారి వద్ద తలకింత అని సంపాదించును. కావుననే ఇది కంప్యూటరును పాడుచేయదు. పాడయిన గిరాకీ పోవును గదా! మెల్లగా, మర్యాదగా, నెలల తరబడి కూర్చుండును. మన చేత "సరే" అనిపించుకొని వచ్చుటచే తాను దొంగను కానని వాదించును కూడ. ఆ దలారి చూపించు దుకాణములలో కొన్ని మంచివి, కొన్ని మోసగాండ్రవి. వానికి విచారణ లేదు, కమీషనే కావలెను.

ఈ విద్య క్రొత్తది కాదు. 2003లోనే కూల్ వెబ్ సెర్చ్ అను పేర నిది లోకమును బాధించినది. పిమ్మట పది సంవత్సరములకు పైగా ఉచిత ప్రోగ్రాములతో కలిసి టూల్‌బారులు దిగుచుండెడివి. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అను భద్రతా సంస్థవారు ఫైర్‌బాల్ అను ఇట్టి ప్రోగ్రామును గూర్చి తెలుపుచు, అది 25 కోట్లకు పైగా కంప్యూటర్లలో చేరినదనియు, అందు రెండున్నర కోట్లు భారతదేశముననే యున్నవనియు అంచనా వేసిరి. ఆ లెక్క మిక్కిలి హెచ్చని మైక్రోసాఫ్టువారు అభిప్రాయపడిరి. లెక్క ఎట్లున్నను, ఆపద నిజమేనని వారును ఒప్పుకొనిరి. నేడు ఇది ఎక్కువగా ఎక్స్‌టెన్షను అను చిన్న తగిలింపుల రూపమునను, నోటిఫికేషన్ల రూపమునను వచ్చుచున్నది.

పోగొట్టు విధమును క్రమముగా చెప్పెదము. మేము చేసినది విండోస్ కంప్యూటరులో, క్రోమ్ బ్రౌజరుతో. క్రమము ముఖ్యము, మూలమునుంచి కొమ్మలు నరికిన మరల చిగుర్చును.

మొదట, బ్యాంకు పని, రుసుములు కట్టు పని ఆ కంప్యూటరులో నిలిపివేయవలెను. క్రోమ్‌లో మన ఖాతాతో కలిపిన "సింక్" ఉన్న దానిని ఆపవలెను. లేనియెడల ఇచట తీసివేసిన చెడ్డ తగిలింపు ఆ ఖాతా ద్వారా మరల వచ్చి చేరవచ్చును. అదే ఖాతా దుకాణపు కంప్యూటరులో నున్న, దానిని కూడ శుభ్రము చేయవలెను.

రెండవది, విండోస్ సెట్టింగ్స్‌లో "యాప్స్" అనుచోట ప్రోగ్రాముల జాబితా తెరచి, చేరిన తేదీల వరుసలో పెట్టుడు. బాధ మొదలైన దినమున దిగినవానిని చూడుడు. తెలియని పేరు కనిపించిన వెంటనే పెరికివేయరాదు. ముద్రణ యంత్రమునకో, ధ్వనికో సంబంధించినది కావచ్చును. చేతిలోని ఫోనులో ఆ పేరు వెదకి, పనికిరానిదని తేలిన తరువాత "అన్‌ఇన్‌స్టాల్" చేయవలెను.

మూడవది, క్రోమ్‌లో కుడివైపు పైన నున్న మూడు చుక్కలను నొక్కి "ఎక్స్‌టెన్షన్స్" చూడుడు. మనము కోరి పెట్టుకొననివానిని "రిమూవ్" చేయవలెను. ఆ బొత్తాము పనిచేయకున్నను, ఇంటి కంప్యూటరులో "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అను మాట కనిపించినను అనుమానింపవలెను. కొన్ని యాంటీవైరసుల వలన కూడ ఆ మాట రావచ్చును. అవి లేకున్న, ఎవరో మన యింటికి యజమానులై కట్టడి పెట్టినారని అర్థము. అప్పుడు తెలిసినవారిని పిలుచుట మేలు.

నాలుగవది, క్రోమ్ సెట్టింగ్స్‌లో "రీసెట్ సెట్టింగ్స్" అని కలదు. దానిని నొక్కిన, మొదటి పుట, వెదకుడు పుట యథాస్థితికి వచ్చును, తగిలింపులు నిలిచిపోవును. మనము గుర్తుపెట్టుకొనిన పుటలు, దాచుకొనిన పాస్‌వర్డులు పోవు. ఎడ్జ్‌లోను ఇట్టిదే యున్నది. ఫైర్‌ఫాక్స్‌లో దీనిని "రిఫ్రెష్" అందురు. క్రోమ్‌లోనే శుభ్రపరచు సాధన మున్నదని కొందరింకను చెప్పుదురు. దానిని 2023లో గూగుల్‌వారు తీసివేసిరి, దానికై వెదుకవలదు. తరువాత "సైట్ సెట్టింగ్స్"లో "నోటిఫికేషన్స్" తెరచి, మన కక్కరలేని సైట్లకు ఇచ్చిన అనుమతులన్నియు తీసివేయవలెను. మూలన వచ్చు బహుమతి చీటీలు చాలవరకు దీనితోనే పోవును.

అయిదవది, తెరపైనున్న క్రోమ్ గుర్తు మీద మౌస్ కుడి బొత్తాము నొక్కి "ప్రాపర్టీస్"లో "టార్గెట్" అను వరుస చదువుడు. దాని చివర ఏదైన వెబ్ చిరునామా తగిలించి యున్న, అది దలారి వేసిన బోర్డే. ఆ గుర్తును తీసివేసి క్రొత్తది పెట్టుకొనవలెను.

ఆరవది, విండోస్‌తో కూడ వచ్చిన "విండోస్ సెక్యూరిటీ"లో "ఫుల్ స్కాన్" చేయవలెను. గంటకు పైగా పట్టవచ్చును, ఓర్పు వహింపుడు. అందే "యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్" అను భాగమున "పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్" అని కలదు. అది వైరసు కాకున్నను ఇట్టి అక్కరలేని ప్రోగ్రాములను ఆపుటకై యుద్దేశింపబడినది. దానిని తెరచి యుంచుడు. దీనితోను తీరకున్న మాల్వేర్‌బైట్స్‌వారి యాడ్‌డబ్ల్యూక్లీనరు అను ఉచిత సాధనమును వారి సొంత సైటు నుండియే తెచ్చుకొనవలెను.

చివరకు, శుభ్రమైన ఫోను నుండి ఈమెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చవలెను. డబ్బు పోయిన యెడల సిగ్గుపడక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చేసిన అంత మేలు.

చేయరాని పనులు రెండు చెప్పెదము. దలారి పట్టుకొనిన బ్రౌజరులోనే "దీనిని పోగొట్టు సాధనము" అని వెదకరాదు. దారి తప్పించినవానినే దారి అడిగినట్లగును. రెండవది, "మీ కంప్యూటరులో వైరసులున్నవి, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని తెరపై వచ్చిన, ఎన్నడును చేయరాదు. వారు సాయమని చెప్పి కంప్యూటరు పగ్గములు తమ చేతికిమ్మని అడుగుదురు. ఇచ్చినయెడల ప్రకటనల బాధ పోయి బ్యాంకు బాధ వచ్చును.

ఇక రాకుండ కాపాడుకొను మార్గము. మన వంటివారి కొక ప్రత్యేకమైన బలహీనత కలదు. తెలుగునాటికి దూరముగా నున్నాము. తెలుగు అక్షరములు, తెలుగు కీబోర్డు, పంచాంగము, పాత పాటలు, పాత చిత్రములు - ఏది ఉచితమని కనిపించినను చేయి ముందుకు పోవును. మన మమకారమే వారికి గాలము. కాని తెలిసికొనవలసిన సంగతి యేమనగా, మేము వెదకిన వస్తువు మా యింటనే యున్నది! విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ అను అక్షరములు తెలుగును చూపును. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకొనిన కీబోర్డు వచ్చును. ఆంగ్లాక్షరములతో కొట్టి తెలుగు తెచ్చుకొను పద్ధతియు అందే కలదు. ఇంకను అందమైనవి కావలెనన్న గూగుల్ ఫాంట్స్‌లో మల్లన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ మొదలగు అక్షరములు నిజముగనే ఉచితముగా లభించును. అక్షరములు తెచ్చుకొనుటకు ఏ ప్రోగ్రామును నడిపింపవలసిన పనియే లేదు. అక్షరముల పేర ప్రోగ్రాము దిగిన, అచ్చటనే అనుమానింపవలెను.

వస్తువును చేసినవాని దుకాణముననే కొనుడు; దారిలో దొరికినచోట కాదు. ఏదైనను దింపునపుడు "కస్టమ్" అను మార్గము ఎంచుకొని, ముందుగనే పెట్టియున్న టిక్కులు తీసివేయుడు. ఏ సైటు "అలో" అని అడిగినను, కారణము తెలియకున్న "బ్లాక్" అనుడు. వెదకినపుడు మొదట కనిపించువానిలో "స్పాన్సర్డ్" అని వ్రాసినది ప్రకటన అని పిల్లలకు చెప్పుడు. రుసుము కట్టు ముందు చిరునామా అక్షరమక్షరము చదువుడు. మనము చదువక దస్తావేజుపై సంతకము చేయుదుమా? పద్దు చూడక సరుకు దింపించుకొందుమా? వర్తకమున పాటించు జాగ్రత్త నే మేము ఇంట మరచితిమి. అంతే జరిగినది.

సోదరులారా, కంప్యూటరు శుభ్రమైనది ఒక్క మధ్యాహ్నమున. కుమారుని మనస్సు శుభ్రమగుటకు హెచ్చు దినములు పట్టినవి. వానిని నలుగురిలో మందలించితిమి గాన, నలుగురిలోనే తప్పు మాదని చెప్పితిమి. ఇప్పుడు మా యింట నొక నియమము: తెరపై వింత యేది కనిపించినను, ఎవరు చూచినను, వెంటనే చెప్పవలెను, చెప్పినవానిని ఎవరును కోపింపరాదు. భయపడిన పిల్లవాడు దాచును. దాచినకొలది దలారి బలపడును.

మన సంఘ భవనమున ప్రతి ఆదివారము సాయంకాలము ఇద్దరు యువకులు కూర్చుండి ఇట్టి బాధలున్నవారికి ఉచితముగా సాయము చేయుటకు ఒప్పుకొనిరి. వారిలో నొకడు మా కుమారుడే. కంప్యూటరులను తెచ్చి చూపించుకొనుడు. దోషమెవరిదని అక్కడ ఎవరును అడుగరు.