ఫ్లిట్ అంటే దోమల మందేనా?

(బోయినపల్లిలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు రాసిన గుమాస్తాను. నాకు తెలిసింది మాటలే. కాబట్టి ఒక చిన్న మాట గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

మొన్న మా మనుమరాలు ఇంగ్లీషు పాఠం చదువుతూ "తాతా, ఫ్లిట్ అంటే ఏంది?" అని అడిగింది. "దోమల మందు బిడ్డా" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. ఆ పాఠంలో సీతాకోకచిలుక ఫ్లిట్ చేస్తోందట! ఆఫీసు మూలల్లో అటెండరు కొట్టే ఆ రేకు పంపు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పేరుతో 1923లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ మందు తెచ్చింది. తర్వాత ఏ కంపెనీ మందు కొట్టినా మనకది ఫ్లిట్టే.

నిఘంటువు తీశాను. తేలికగా, చురుగ్గా ఒకచోటి నుంచి మరొకచోటికి కదలడం అని ఉంది. పిట్ట కొమ్మ మారినట్టు అన్నమాట. కాని మొదటి అర్థం అది కాదు. సుమారు 800 ఏళ్ళ కిందట స్కాండినేవియా వాళ్ళ పాత భాష నుంచి ఇది ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ దీని అర్థం మోసుకుపోవడం, తరలించడం. స్కాట్లాండులో 'ఫ్లిట్టింగ్' అంటే ఇల్లు మారడమే. కిరాయి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను సర్దుకుపోతే 'మూన్‌లైట్ ఫ్లిట్' అంటారు.

ఇంకా లోతుకు తవ్వితే నీళ్ళు తగులుతాయి. తేలడానికి ఫ్లోట్, పారడానికి ఫ్లో, ఓడల గుంపుకు ఫ్లీట్, ఇవన్నీ దీని చుట్టాలే. సంస్కృతంలోని 'ప్లు' ధాతువుదీ అదే వంశమని భాషా పండితులు చెప్తారు. ప్లవం అంటే తెప్ప. ప్లవంగం అంటే గంతులు వేసే కోతి. 2021 ఉగాదికి మనం చెప్పుకున్న ప్లవ నామ సంవత్సరం పేరూ అక్కడిదే.

నీళ్ళు, ఇల్లు మారడం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఈ మండలం వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. మాన్వాడ దగ్గర మానేరు మీద మిడ్ మానేరు కట్టారు. 2019లో నీళ్ళు నిండేసరికి కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్ళు మునిగిపోయాయి.

ముంపు ఊళ్ళలో ఒకదాంట్లో మా చిన్నమ్మ ఇల్లు ఉండేది. ఖాళీ చేసే రోజు నేను పోయాను. దర్వాజలు, దూలాలు ఊడదీసి ట్రాక్టరులో వేస్తున్నారు. ఆమె వాకిట్లో కూర్చుని "అన్ని ఎక్కిస్తున్నరు గని, నా బాయి ఎట్ల తెస్తరు కొడుకా?" అన్నది. నాకు జవాబు దొరకలేదు. సర్వీసులో "నిర్వాసితులు ఖాళీ చేసినారు" అని ఒక్క ముక్కలో రాసి సంతకానికి పెట్టినవాణ్ణి. ఆ ముక్క బరువు ఆనాడు తెలిసింది.

ప్రాజెక్టు వద్దని నేననను. పొలాలకు నీళ్ళు కావాలి. నా మనవి ఒక్కటే. పోయిన భూముల సర్వే నంబర్లు రికార్డుల్లో ఉంటాయి. బావుల పేర్లు, చెలకల పేర్లు, గల్లీల పేర్లు ఉండవు. ఆ ఊళ్ళ వాళ్ళు మనలో ఉన్నారు. గుర్తున్నంత వరకు రాసి మన పత్రికకు పంపండి. రాయడం మనకు చేతనైన పనే కదా!

మనుమరాలికి మాత్రం ఇలా చెప్పాను: "ఫ్లిట్ అంటే తేలికగా కదలడమని పరీక్షలో రాయి బిడ్డా. ఇల్లు మోసుకుపోవడమని మనసులో పెట్టుకో."