ఆవు, గడ్డివాము, చుట్టరికము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



స్వగ్రామములను విడిచి ఉద్యోగరీత్యా ఇంతదూరము వచ్చిన మనకు, నగరవాసమువలన బంధుత్వములు సడలిపోవునా అను ప్రశ్న క్రొత్తది కాదు. ఐతే మన సంగతిని మనమే విచారించుకొనునపుడు మమకారము అడ్డు వచ్చును. అందుచేత ఈ సాయంకాలము మిమ్ములను బహుదూరమున నున్న ఒక జాతివారి ముంగిటికి తీసికొనిపోదలచితిని. వారు సఖాలు. రష్యనులు వారిని యాకూతులందురు. ఆ పేరు మన సఖుని తలపించినను రెంటికిని సంబంధము లేదు. వారి భాష తుర్కీ కుటుంబమునకు చెందినది.

రష్యా ఈశాన్యభాగమున నున్న సఖా గణతంత్రము వైశాల్యము 30 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అనగా భారతదేశముకంటె కొంచెమే చిన్నది. జనసంఖ్య మాత్రము రమారమి 10 లక్షలు. అందు మూడవవంతు జనము రాజధానియగు యాకూత్స్క్ నగరముననే కలదు. 1632లో కోటగా వెలసిన ఆ నగరమున జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 40 డిగ్రీల దరిదాపున నుండును.

అట్టి చలిలో సఖాలు తరతరములుగా గుఱ్ఱములను, ఆవులను పెంచుచు బ్రదికిరి. గుఱ్ఱము మంచును గిట్టలతో త్రవ్వి క్రింది గడ్డిని మేయగలదు. ఆవునకు ఆ నేర్పు లేదు. ఎనిమిది మాసములకు పైగా దానిని కొట్టములో కట్టి మేపవలెను. ఆ మేతయంతయు స్వల్పమైన వేసవిలోనే కోసి, ఎండబెట్టి, వాములు వేయవలెను. ఇది ఒక్క యింటివారివలన నగు పని కాదు. అన్నదమ్ములు, అల్లుండ్రు, మనుమలు చేరినగాని వాము లేవదు; వాము లేనిదే ఆవు నిలువదు. కావున వారి చుట్టరికము పేరంటములలో కంటె పచ్చికబయళ్ళలో ఎక్కువగా పెరిగినది.

పూర్వము వారు అలాస్ అనబడు పల్లపు మైదానములలో, నడుమ కొలను, చుట్టును పచ్చిక గల తావులలో, వంశములవారీగా విడివిడిగా కాపురముండిరి. 1930 ప్రాంతముల సామూహిక వ్యవసాయము వచ్చి వారిని గ్రామములకు చేర్చినది. ఆవులు ప్రభుత్వక్షేత్రముల పాలయ్యెను. బంధువు చేయు పనిని జీతగాడు చేయజొచ్చెను. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట ఆ క్షేత్రములును కూలిపోయినవి. జీతములు పోయినవి, ఆవు మరల ఇంటికి వచ్చినది, ఆవుతోబాటు బంధువును మరల వచ్చినాడు. వీల్యూయి నదీప్రాంత గ్రామములలో వసించి పరిశోధించిన అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు సూసన్ క్రేట్ 2006లో ప్రకటించిన గ్రంథమున ఈ జీవనవిధానమునకు ఆవులు, బంధువులు అను రెండు మాటలనే జోడించి పేరు పెట్టినది. పెద్దలు పాడిని చూతురు. పిన్నలు గడ్డి కోతురు. పాలు, వెన్న, మాంసము అందరి యిండ్లకును పోవును.

ఆ కాలముననే చదువులకు, ఉద్యోగములకు యువజనులు యాకూత్స్క్ త్రోవ పట్టిరి. అచటను బంధము తెగలేదు. దాని దారి మారినది. శీతకాలారంభమున పశువును కోసి, గడ్డకట్టిన మాంసములో పట్టణపు బిడ్డల భాగమును బండ్లమీద పంపుదురు. చలిదినములలో మేడయింటి వసారాయే దానిని దాచు కొట్టు. పట్టణపు వారు మారుగా పల్లెటూరి మేనల్లునికో మేనకోడలికో చదువు ముగియువరకు తమ యిరుకు గదులలో చోటిత్తురు. జూలైలో సెలవు పెట్టి గడ్డికోతకు పోవుదురు.

ఐతే ఇందు ఒక మెలిక యున్నది. అవ్వ ముసలిదై ఆవులను అమ్మివేసి, మనుమలను చూచుకొనుటకు పట్టణము చేరినదనుకొనుడు. ప్రేమ దగ్గరకు వచ్చినట్లే కనబడును. కాని గడ్డికోత లేదు. మాంసపు మూట లేదు. పినతండ్రి బిడ్డలకు కలిసికొను సందర్భమే లేదు. ఇంతలో నేల అడుగున చిరకాలముగా గడ్డకట్టియున్న మంచు కరగి, కొన్నియెడల గడ్డిబీళ్ళను నీట ముంచుచున్నది. పట్టణపు పసివాడు రష్యనులో మాటలాడుచున్నాడు. సఖా భాషలో, మన భాషయందువలెనే, అన్నకొక మాట, తమ్మునికొక మాట, అక్కకొక మాట, చెల్లెలికొక మాట. రష్యనులో అన్నదమ్ములిద్దరికిని మాట ఒక్కటే. పెద్దయో చిన్నయో చెప్పవలసినచో వేరొక మాట చేర్చవలెను. మాట పోయినచో, ఎవరికి పెద్దరిక మీయవలెనో ఎవరిని గారాబము చేయవలెనో అను తెలివియు మెల్లగా పోవును.

సోదరులారా, ఇంతదూరము పోయి నేను తెచ్చిన సంగతి ఒక్కటే. దూరము బంధుత్వమును చంపదు. పని లేమి చంపును. మనము పండుగకు టిక్కెట్టు కొని స్వగ్రామమునకు పోయి, నాలుగు దినములు అతిథులవలె భోజనము చేసి వచ్చుచున్నాము. మన పిల్లలకు అక్కడ చేయదగిన పని యేదియు మిగులలేదు. కనుక వచ్చు సెలవులలో మీ బిడ్డను తాతగారి యింటికి పంపునపుడు ఒక పని అప్పగించి పంపుడు: కల్లములో ధాన్యము కొలుచుటయో, మామ్మగారిని కంటివైద్యునికి చూపించుకొని వచ్చుటయో, పెదనాన్నగారి నోట వంశవృక్షము విని వ్రాసికొని వచ్చుటయో. అట్లే వారి పని యేదైన మీ ఊరిలో నున్నచో అడిగి నెత్తిన వేసికొనుడు.