ప్రతినిధి యాస్తి, ప్రజల హక్కు
(పఠనమందిరమున జరిగిన సభయందలి యుపన్యాసము)



పురపాలక సంఘమన్నను, పంచాయతీ యన్నను మనవారికి చిన్నచూపు కలదు. దేశమేలువారి నడతను గూర్చి గంటలకొలది వాదించు మనము మన వీధి కాలువ కట్టించిన సభ్యుని సంగతి విచారింపము. అయినను ప్రజాధనము మన కన్నులయెదుట చేతులు మారునది యిచ్చటనే. రోడ్డు పని యెవరికీయవలెను, ఇంటి ప్లానునకు అనుమతి యెప్పుడు దొరకవలెను, సంత వేలము ఎవరికి దక్కవలెను అను విషయములలో మాట చెల్లువాడు మన పొరుగువాడే.

న్యాయశాస్త్రమునందొక ప్రాథమిక సూత్రమున్నది: తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదు. వార్డు సభ్యుని బావమరిది రోడ్డు పనికి టెండరు వేసెననుకొందము. సభ్యుడు లంచము పుచ్చుకొనకపోవచ్చును. పనియు చక్కగానే జరుగవచ్చును. అయినను ఆ బిల్లు మంజూరగు సభలో అతడు చేయెత్తినపుడు ఆ చేయి ప్రజలదో బంధువుదో చెప్పుట యెవరి తరము? ఇట్టి చిక్కును ముందుగానే నివారింపవలెను. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

చట్టమేమియు చేయలేదనుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశ్ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము పంచాయతీ కంట్రాక్టులో లాభసంబంధము గలవానిని సభ్యత్వమునకు అనర్హునిగా జేసినది. శాసనసభలకును పార్లమెంటునకును పోటీచేయువారి ఆస్తి, అప్పులు, నేరచరిత్ర తెలిసికొనుట వోటరు హక్కని సుప్రీంకోర్టు 2002, 2003 సంవత్సరములలో తీర్పు చెప్పినది. స్థానిక ఎన్నికలలోను అట్టి ప్రకటనలను అడుగుచున్నారు. ఇవి వట్టి కాగితములు కావు. మైసూరు నగరపాలక సభ్యురాలొకరు భర్త యాస్తిని గూర్చి సరియైన ప్రకటన చేయనందున ఆమె యెన్నిక రద్దయ్యెను. 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచినది.

మఱి లోపమెచ్చట? ఈ ప్రకటన నామినేషను నాడు పుట్టి ఆనాడే నిద్రించును. ఐదేండ్లలో ఆస్తి యెంత పెరిగెనో, ఏ బంధువునకు ఏ కంట్రాక్టు దక్కెనో అది చెప్పజాలదు. ఇందులకు పొరుగుననే మార్గము కలదు. కర్ణాటక 1976 నాటి నగరపాలక చట్టము ప్రకారము సభ్యుడు పదవీకాలము ఆరంభమైన నెలలోపలను, పిదప ఏటేటను, తన యాస్తిని, కుటుంబమువారి యాస్తిని ప్రకటింపవలెను. మానినను, తెలిసి యబద్ధమాడినను పదవి పోవును. ఇంగ్లండునందు 2011 నాటి చట్టము మఱియొక యడుగు ముందుకు వేసినది. సభ్యుడు తన వృత్తిని, భూములను, కంట్రాక్టులను, భార్య లేక భర్త లాభసంబంధములనుగూడ 28 దినములలో తెలుపవలెను. ఆ పట్టికను ఎల్లరును చూడవచ్చును. ప్రత్యేకానుమతి లేనిదే తన లాభమునకు సంబంధించిన చర్చయందతడు మాటాడరాదు, వోటు చేయరాదు.

ఇన్ని కట్టుబాట్లుండిన మర్యాదస్థులు పదవులకు వత్తురాయని కొందరి సందేహము. ఆస్తి కలిగియుండుట నేరమని మేమనుట లేదు. లెక్క బయటనున్న సభ్యునిపై కాఫీ హోటలులో పుట్టిన పుకారు నిలువదు. లెక్క దాచినవానిపై ప్రతి పుకారును నిజమువలెనే తోచును. నిజాయితీపరునకు ఈ పట్టికయే కవచము. చిన్న పంచాయతీకి పెద్ద దస్తరము అక్కరలేదు; ఒక్క పుట చాలును.

మేము కోరునవి మూడు. ఏటేట ఆస్తిపట్టిక కార్యాలయపు గోడపై నుండవలెను. సంఘముతో వ్యాపారము చేయు బంధువుల పేర్లు అందుండవలెను. తన కార్యము చర్చకు వచ్చినపుడు సభ్యుడు లేచి వెలుపలికి పోవలెను. ఆ సంగతి మినిట్సు పుస్తకమున కెక్కవలెను. వీనికై శాసనము వచ్చుదాక వేచియుండ నక్కరలేదు. ఈసారి వోటడుగ వచ్చినవానిని ఈ మూటికి సమ్మతింతువాయని గుమ్మమువద్దనే యడుగుడు. కంచె చేనును మేయకుండ చూచుకొనుట చేనుగలవాని పని. ఆ చేను మనది.