కాళ్ళ క్రింద వెచ్చదనము

చలి దేశములలో కాపురమున్న బిడ్డలను చూచివచ్చిన పెద్దలు చెప్పెడి ముచ్చటలలో ఒకటి, అచ్చటి స్నానాలగదిలో నేల వెచ్చగా నుండుట. నిప్పు కనబడదు, పొగ రాదు. టైల్సు క్రింద పరచిన విద్యుత్ తీగయే ఆ వెచ్చదనమునకు కారణము. నీటికిని విద్యుత్తునకును పొత్తు కుదరదని మనమెల్లరము ఎరిగినదే. అట్టి రెంటిని ఒకే నేలయందు ఇమిడ్చిన ఈ ఏర్పాటు ఎట్టిదో, దానియందు ప్రాణరక్షణకు వలయు జాగ్రత్తలెవ్వియో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

నేలను వెచ్చచేయుట క్రొత్త ఊహ కాదు. రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో వ్రాసిన గ్రంథమున, స్నానశాల నేలను రెండడుగుల ఇటుక స్తంభములపై నిలుపవలెనని చెప్పెను. కొలిమినుండి వచ్చు వేడిగాలి ఆ స్తంభముల నడుమ తిరిగి నేలను కాచును. ఇంగ్లండులోని బాత్ నగరమున అట్టి స్తంభములను నేటికిని చూడవచ్చును. కొరియావారు వంటపొయ్యి పొగను నేలరాళ్ళ క్రింద నడిపి గదులను వెచ్చచేసికొనెడివారు. దానిని ఒండోల్ అందురు.

తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు ఎంత వేడి పుట్టునో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జౌల్ 1840 ప్రాంతమున లెక్కగట్టెను. మన ఇస్త్రీపెట్టెకును, ఈ నేలకును సూత్రమొక్కటే. చదరపు మీటరుకు సుమారు 150 వాట్ల చొప్పున, 4 చదరపు మీటర్ల నేలకు 600 వాట్లు సరిపోవును. నేల 28 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నున్న చాలును. ఒంటి వేడి 37 డిగ్రీలు కదా, 28 డిగ్రీల నేల వెచ్చగా ఎట్లు తోచునని సందేహము కలుగవచ్చును. ఒకే గదిలోని కొయ్యపీటపై ఒక పాదము, రాతిగచ్చుపై ఒక పాదము ఉంచి చూడుడు. రెండును ఒకే వేడిమిలో నున్నను గచ్చే చల్లగా తోచును. రాయి కాలిలోని వేడిని త్వరగా లాగుకొనును. నేలను కొంచెము కాచినచో ఆ లాగుకొనుట తగ్గును. పైగా తడి త్వరగా ఆరి, వృద్ధులకు కాలు జారు భయము కొంత తీరును.

ఇక పనితీరు. మొదట వేడి దిగువకు పోకుండ ఆపు పలకలను పరచి, వానిపై వలకు కుట్టిన తీగను పరతురు. ఈ తీగను కత్తిరించి పొట్టి చేయరాదు. చేసినచో నిరోధము తగ్గి, విద్యుత్తు అధికమై తీగ మాడిపోవును. ఒక వరుసపై మరియొక వరుస పడరాదు. తొట్టి, బీరువా వంటి కదలని వస్తువుల క్రింద తీగ ఉండరాదు. వేడికి బయటపడు దారి లేక అచ్చటనే పోగగును. షవరు క్రింద, అట్టి తడికి తగినదని తయారుచేసినవారు తెలిపిన తీగనే వాడి, దానిపై నీరు దిగని పొర వేయవలెను.

తీగ నిరోధమును మూడు మారులు కొలుతురు: పెట్టెనుండి తీసినపుడు, పరచిన పిదప, టైల్సు వేసిన పిదప. విద్యుత్తు బయటకు కారుట లేదని గూడ పరీక్షింతురు. మేస్త్రీ చేతి తాపీమొన తగిలి తీగపై పొర చిరిగినను పైకి కనబడదు. టైల్సు వేసిన తరువాత ఆ సంగతి కొలతలవలననే తెలియవలెను. క్రింది సిమెంటు పూర్తిగా ఆరువరకు విద్యుత్తు నీయరాదు.

తడిసిన చర్మము విద్యుత్తును సరిగా అడ్డగింపలేదు. కావున తీగపై లోహపు తొడుగుంచి ఎర్తుకు కలుపుదురు. ఆర్.సి.సి.బి. అను సాధనమును గూడ అమర్తురు. వెళ్ళిన విద్యుత్తును, తిరిగివచ్చిన విద్యుత్తును అది సరిచూచును. 30 మిల్లీయాంపియర్ల తేడా వచ్చినచో సెకనులో కొద్దిభాగమునందే సరఫరాను త్రెంచును. అమెరికాలో స్నానాలగది నేలకు 5 మిల్లీయాంపియర్ల ప్రాంతముననే త్రెంచు సాధనము నుంచుదురు.

మన తెలుగునాట నేలను కాచవలసినంత చలి లేదు. కాని గీజరు అనేక ఇండ్లలో వెలసినది. బకెట్టులో ముంచు హీటరు కడ్డీయు వాడుకలో నున్నది. తడి కాళ్ళతో, తడి చేతులతో వానిని సమీపించువారు మన ఇంటి ఆడువారు, పిల్లలు, పెద్దలు. కడ్డీ ప్లగ్గు తీసిన పిమ్మటనే నీటిలో చేయి పెట్టవలెను. స్నానాలగదికి ఎర్తు సరిగా నున్నదా, ఆర్.సి.సి.బి. కలదా అని ఎలక్ట్రీషియను నడిగి తెలిసికొనవలెను. ఆ సాధనముపై పరీక్షమీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి, సరఫరా ఆగుచున్నదో లేదో చూచుకొనుడు. ఆగనిచో ఆ దినముననే బాగుచేయించుడు.