శ్లాబు చెప్పే మాట వినండి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా బిల్లులు, ఎస్టిమేట్లు రాసినవాణ్ణి. అయినా సొంత ఇంటి దగ్గర దెబ్బతిన్నాను. అది మీకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

గ్రాట్యుటీ సొమ్ముతో ఇల్లు మొదలుపెట్టాను. కిటికీపై సన్‌షేడు సెంట్రింగు తీయగానే గోడ పక్కన, పైభాగాన పగులు వచ్చింది. మా ఆఫీసులో చేసి రిటైరైన ఇంజనీరుగారు వచ్చి పగలగొట్టించి చూస్తే, ఊచలన్నీ అడుగున ఉన్నాయి. గోడలోంచి ముందుకు వచ్చే సన్‌షేడుకు, బాల్కనీకి లాగుడు పైభాగాన ఉంటుంది కనుక ముఖ్యమైన ఊచలు పైనే ఉండాలి. తప్పు మేస్త్రీ ఒక్కడిదే కాదు, దగ్గరుండి చూడని నాది కూడా.

భయపడి, "శ్లాబులో ఇనుము రెట్టింపు వేద్దాం" అన్నాను. ఆయన నవ్వి, "బలం ఒక్కటే చాలదండీ, సాగే గుణం కూడా ఉండాలి" అన్నారు. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు ఆగదు. లాగుడును ఇనుము భరిస్తుంది. ఇనుము లెక్కప్రకారం ఉన్న శ్లాబుపై బరువు మితిమీరితే ముందు ఇనుము సాగుతుంది. శ్లాబు వంగుతుంది, పగుళ్లు విచ్చుకుంటాయి. మనుషులు బయటపడే వ్యవధి దొరుకుతుంది. ఇనుము అతిగా కుక్కితే, అది సాగకముందే కాంక్రీటు నలిగి, చెప్పాపెట్టకుండా కూలవచ్చు.

ఇల్లు కట్టే పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పండి:

1. ఊచలపై 500 డి అన్న గుర్తు చూసి కొనండి. మామూలు 500 రకం తెగేలోగా కనీసం 12 శాతం సాగాలి. డి రకం 16 శాతం సాగాలి.

2. ఊచల కింద 20 మిల్లీమీటర్ల కవరు బిళ్లలు పెట్టించండి. కాంక్రీటు పోసేటప్పుడు పై ఊచలను తొక్కనివ్వకండి.

3. 2000 నాటి ఐ.ఎస్. 456 ప్రకారం, మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు తడపాలి. మన ఎండలకు అవి 10, 14 రోజులు.

4. నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ముట్లు తీయరాదు.

ఇక పాత ఇళ్లలో ఉంటున్న మనకు ఒక మాట. పెచ్చులూడి తుప్పు మరకలు కనిపిస్తే, పైపైన సిమెంటు పూసి సున్నం వేయకండి. తుప్పు లోపల ఊచను తినేస్తూనే ఉంటుంది. ఇంజనీరుకు చూపించకుండా పాత శ్లాబుపై నీళ్ల ట్యాంకు గాని, మరో అంతస్తు గాని ఎక్కించకండి.

మంచి శ్లాబు పడిపోయే ముందు చెబుతుంది. విని, సకాలంలో బాగుచేయించడం మన వంతు.