అడుగవలసిన ప్రశ్న



కష్టము వచ్చినప్పుడు "ఏమి చేయుదుము?" అని అడుగుదుము. దానికంటె ముందు "అసలు చిక్కు ఎక్కడ ఉన్నది?" అని అడుగవలెను.

1832-33 నాటి నందన కరువులో నిండు గోదావరి గల సీమలోనే జనము ఆకలితో చనిపోయిరి. వాన ఎందుకు కురియలేదని అడిగిన లాభము లేదు. ఇంత నీరు సముద్రము పాలగుచుండగా పొలములు ఎందుకు ఎండవలెనన్నదే ఆర్థర్ కాటన్ దొర పట్టుకొన్న ప్రశ్న. ఇసుకపై కట్టడము నిలుచుటెట్లు అన్నది రెండవది. దాని జవాబు కావేరిపై చోళులు కట్టిన కల్లణై వద్ద దొరికినది. 1847లో మొదలైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది.

ఆ డెల్టా కాలువలు మన జంగారెడ్డిగూడెము మెట్టకు ఎక్కవు. మనలో చాలమందికి బోరే ఆధారము. బోరు ఎండినప్పుడు "ఇంకెన్ని అడుగులు దింపవలెను?" అని మాత్రమే అడిగితిమి. అప్పు చేసి దింపితిమి. పక్క చేను బోరు ఎండినది. ఆయనయు అప్పు చేసెను. మన ప్రశ్నయే మనలను ముంచినది.

"మన చేనిలో పడిన వాన ఎటు పోవుచున్నది? ఉన్న నీటికి ఏ పైరు తగును?" అని అడిగినచో గట్లు, నీటి కుంటలు, తక్కువ నీటి పైరులు తోచును. భూమి లోపలి నీటికి సరిహద్దు రాళ్లు లేవు. కనుక ఇరుగు పొరుగు కలిసి అడుగవలెను.

మంచి ప్రశ్న తప్పెవరిదని వెదకదు, కారణమును వెదకును. "మాకు తెలియదు" అనుటకు సిగ్గుపడకుందము. మన పిల్లలు "ఎందుకు?" అన్నప్పుడు గద్దింపకుందము.