గుర్రంతో క్యాంపు
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్యాంపు అనే మాట మనకు కొత్త కాదు. 1971లో పశుసంవర్ధక శాఖలో చేరింది మొదలు 2004లో పదవీ విరమణ చేసేవరకు నెలలో సగం రోజులు నేను క్యాంపులోనే ఉండేవాణ్ణి. క్యాంపంటే ఎర్రబస్సు, ట్రావెలర్స్ బంగళా, వాచ్‌మన్ వండిన కోడికూర, తిరిగొచ్చాక టి.ఎ. బిల్లు, దానిమీద ఆడిట్ వారి అభ్యంతరం. అయితే సొంత డబ్బు పెట్టుకుని, సొంత గుర్రాన్ని వెంటబెట్టుకుని అడవిలో గుడారం వేసుకుని పడుకునే క్యాంపు ఒకటుందని 2022 అక్టోబరులో, అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా తెలిసింది.

వాళ్లుండేది ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి. మా మనవరాలికి ఒక గుర్రం ఉంది. పేరు బాదం, రంగునుబట్టి పెట్టిన పేరు. పన్నెండేళ్లది, బరువు ఐదువందల కిలోల దాకా ఉంటుంది. ఊరి బయట ఒక గుర్రపుసాలలో అద్దెకు ఉంచారు. దాన్ని తీసుకుని పక్క రాష్ట్రమైన ఇండియానాలో బ్రౌన్ కౌంటీ స్టేట్ పార్కుకు మూడు రోజులు వెళ్లాలని ఏర్పాటు. ప్రయాణం రెండున్నర గంటలు. 1929లో ప్రారంభించిన ఆ పార్కు ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్దది. గుర్రాలతో వచ్చేవారికి అక్కడ వేరే క్యాంపు స్థలం, అడవిలో మైళ్ల కొద్దీ గుర్రపు బాటలు ఉన్నాయి. అక్టోబరులో ఆకులు ఎర్రబారతాయి గనుక జనం విరగబడతారు. అందుకని చోటు కోసం నెలల ముందే డబ్బు కట్టారు.

మనవరాలు ఫ్రిజ్ తలుపుమీద ఒక జాబితా అంటించింది. అందులో మనుషులకు నాలుగు వరుసలు, గుర్రానికి నలభై. నేను నవ్వుకున్నాను. తర్వాత చదివితే, మా శాఖలో అంత తెలివిగా రాసిన సర్క్యులర్ నేను చూడలేదనిపించింది.

మొదటిది కాగితాలు. గుర్రం రాష్ట్రం సరిహద్దు దాటాలంటే కాగిన్స్ పరీక్ష చేయించిన ధ్రువపత్రం ఉండాలి. ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా అని ఒక వైరస్ జబ్బు. జోరీగలు ఒక గుర్రం రక్తాన్ని ఇంకొకదానికి అంటించడంవల్ల వస్తుంది. మందు లేదు. తగిలిన గుర్రాన్ని చంపాలి, లేదా బతికినంతకాలం మిగతావాటికి దూరంగా ఉంచాలి. దాన్ని రక్తంలో పట్టే పరీక్షను 1970లో లెరాయ్ కాగిన్స్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఊళ్లో జట్కా గుర్రాలకు గ్లాండర్స్ పరీక్ష చేసి, రోగమని తేలితే చంపించాల్సి వచ్చిన రోజులు నాకు గుర్తొచ్చాయి. జట్కావాడి ముఖం చూడలేకపోయేవాళ్లం. నాలుగు ఊళ్ల గుర్రాలు ఒకచోట చేరే క్యాంపులో ఆ కాగితం ఎందుకు అడుగుతారో నాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

రెండోది మేత. గుర్రం కడుపు మన ఎద్దు కడుపులాంటిది కాదు. నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు. మేత మార్చాలంటే వారం పది రోజులు కొంచెం కొంచెంగా మార్చాలి. అందుకని ఇంట్లో తినే ఎండుగడ్డినే, రోజుకు పది కిలోల లెక్కన, మోసుకెళ్లాలి. మూడోది కట్టేసే తీరు. క్యాంపులో గుర్రాన్ని చెట్టు మొదలుకు కట్టరు. కట్టితే బెరడు కొరుకుతుంది, వేళ్లదగ్గర నేలను గిట్టలతో గుల్లచేస్తుంది. రెండు చెట్లమధ్య మనిషి తలకన్నా ఎత్తున తాడు లాగి, దానికి కడతారు. బెరడు కోసుకుపోకుండా చెట్లకు వెడల్పాటి పట్టీలు చుడతారు. అక్కడికీ చెట్టేదో చూడాలి. ఎర్ర మేపుల్ అనే చెట్టు ఆకు వాడితే గుర్రానికి విషం. కిలో, కిలోన్నర తింటే చాలు, రక్తంలో ఎర్రకణాలు పగిలి ప్రాణంమీదికొస్తుంది. ఏ ఎర్రటి ఆకుల కోసం జనం కెమెరాలతో వస్తారో, వాటిలోనే ఈ ముప్పూ ఉంది. మా మనవరాలు గుడారం వేయకముందే చీపురు పుచ్చుకుని ఆ చోటంతా ఊడ్చింది.

ఇక నీళ్లు. జాబితాలో “ఇంటి నీళ్లు, ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు” అని ఉంది. బయలుదేరే రోజు పిల్ల బడిలో ఉంది. బండిలో చోటు చాలలేదు. నా కుక్కరు, బియ్యం, ఆవకాయ, మడతమంచం పట్టాలి. “అక్కడ కుళాయి ఉందిగా, నీళ్లెందుకు మోయడం?” అన్నాను. మా అల్లుడుగారు సందేహించారు గానీ, “మామయ్యగారు పశువుల డాక్టరు కదా” అని డబ్బాలు దించేశారు. ముప్పైమూడేళ్ల సర్వీసు ఆ ఒక్క మాటలో ఎంత అక్కరకొచ్చిందో చూడండి!

అక్కడి కుళాయి నీళ్లు మంచివే, మేమూ తాగాం. కానీ వాసన వేరు. బాదం బకెట్లో మూతి పెట్టి, పెదవి ఎత్తి, తల తిప్పుకుంది. “దాహమైతే అదే తాగుతుంది” అన్నాను. అంత గుర్రానికి రోజుకు పాతిక లీటర్ల నుంచి నలభై ఐదు దాకా నీళ్లు కావాలి. అది నాకు తెలియనిదా? తెలుసు. రెండోరోజు సాయంత్రానికి మొత్తం తాగింది అర బకెట్టు. గడ్డి మానేసింది. ముంగాలితో నేల గీరుతోంది, వెనక్కు తిరిగి డొక్క చూసుకుంటోంది, పడుకుని లేస్తోంది. చెవి డొక్కకు ఆనించాను. గుడగుడలాడాల్సిన పేగులు నిశ్శబ్దం. నాడి నిమిషానికి 56. అది 44 దాటకూడదు. చిగుళ్లు వేలికి జిగటగా తగిలాయి. మేత పేగులో గట్టిపడిపోయిందని అర్థమైంది.

నా చేతిలో మందులేదు. ఉన్నా, ఆ దేశంలో సూది వేసే హక్కు నాకు లేదు. పక్క గుడారంలోని ఒక పెద్దావిడ స్థానిక డాక్టరు నంబరిచ్చింది. ఫోనులో నాడి, చిగుళ్లు, పేగుల చప్పుడు వరుసగా చెప్పాను. అవతలి డాక్టరమ్మ మూడే ప్రశ్నలడిగి, మేత తీసేయమనీ, మెల్లగా నడిపించమనీ చెప్పింది. గంటంపావులో వచ్చింది. నొప్పికి సూది వేసి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం పంపింది. ముందు కడుపులో నీరు నిలిచి ఉందేమో పైకి తీసి చూసి, లేదని రూఢి చేసుకున్నాకే లవణాలు కలిపిన నీళ్లు పోసింది. ఆ వరుస చూసి నాకు ధైర్యం వచ్చింది.

రాత్రంతా వంతులవారీగా నడిపించాం. మనవరాలు నాతో ఒక్క మాటా అనలేదు. ఆడిట్ వారి అభ్యంతరాలెన్నో చూశాను గానీ, ఆ మౌనం నాకు అన్నిటికన్నా కష్టమైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బాదం లద్ది వేసింది. నలుగురం చప్పట్లు కొట్టాం. లద్దికి చప్పట్లు కొట్టడం నా సర్వీసులో అదే మొదలు.

“తప్పు నాదమ్మా, డబ్బాలు దింపించింది నేనే” అన్నాను.

“తెలుసు తాతయ్యా, నాన్న చెప్పాడు” అంది. కాసేపాగి, “నువ్వు చెవి పెట్టి వినడం నాకూ నేర్పు” అంది. అక్కడే నేర్పాను. డొక్కకు రెండువైపులా, పైనా కిందా, ఒక్కోచోట నిమిషం.

పెద్దావిడ ఒక ఉపాయం చెప్పింది. ప్రయాణానికి వారం ముందునుంచీ ఇంట్లోనే నీళ్లలో కొంచెం ఆపిల్ రసం కలిపి అలవాటు చేయాలట. కొత్తచోట నీళ్లలోనూ అదే కలిపితే తేడా తెలియదు. ఇది మాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. 2023లో వాళ్లు మళ్లీ వెళ్లారు, నేను ఇక్కడే ఉన్నాను. మొదటి రాత్రే రెండు బకెట్లు తాగిందని ఫోను చేసి చెప్పింది. జాబితాలో డబ్బాల వరుసకింద ఎర్రసిరాతో గీత గీసిందట. మడతమంచం కొట్టేసిందట.

కార్యదర్శిగారు టీ వచ్చిందని సైగ చేస్తున్నారు.  సెలవు.